మెడ గడ్డ వారాల్లోనే పెరుగుతుంటే: ఉధృత థైరాయిడ్ క్యాన్సర్‌కు పరీక్షలు, చికిత్స ఏ వరసలో చేయించాలి

"మెడలో గడ్డ నెల తిరక్కముందే రెట్టింపైంది. గొంతు బొంగురుపోయింది. ముందు ఏ పరీక్ష చేయించాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి?" నెల్లూరు, ఒంగోలు వైపు కుటుంబాలు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. ఈ జబ్బులో పరీక్షల పేర్లు తెలిస్తే సరిపోదు. ఏది ముందు, ఏది వెనక, ఎన్ని రోజుల్లో అన్నదే ప్రాణానికి తేడా తెస్తుంది. ఒక రిపోర్టు వచ్చాక ఇంకో పరీక్ష, అది వచ్చాక ఇంకో ఊరు అంటూ తిరిగితే నెల గడిచిపోతుంది. ఆ నెలలో ఆపరేషన్‌కు వీలున్న గడ్డ వీలుకానిదైపోతుంది.

థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి ఇంత తొందర అక్కర్లేదు. మామూలు పాపిలరీ రకం నిదానంగా పెరుగుతుంది, చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ఇక్కడ చెప్పేది ఉధృతమైన రకాల గురించి: అనాప్లాస్టిక్, పూర్లీ డిఫరెన్షియేటెడ్, ముదిరిన మెడల్లరీ, పాపిలరీలోనే టాల్ సెల్, హాబ్‌నెయిల్ లాంటి మొండి రకాలు, రేడియో అయోడిన్‌కు, అంటే థైరాయిడ్ కణాలను చంపే రేడియోధార్మిక అయోడిన్ మందుకు లొంగనివి. వీటిలో అనాప్లాస్టిక్ అన్నిటికన్నా ప్రమాదకరం. ఎక్కువగా 60 ఏళ్లు దాటినవాళ్లలో కనిపిస్తుంది. ఎన్నో ఏళ్లుగా మెడలో ఉన్న పాత గడ్డ ఉన్నట్టుండి పెరగడంతో మొదలవడం కూడా మామూలే. "ఇది ఇరవై ఏళ్ల నాటి గడ్డేలే" అన్న ధీమా ఇక్కడే దెబ్బతీస్తుంది.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగకండి

గడ్డ రాయిలా గట్టిపడి వారాల్లో పెరగడం. గొంతు బొంగురుపోయి రెండు మూడు వారాలైనా తిరిగి రాకపోవడం. అన్నం దిగకపోవడం, నీళ్లు తాగితే పొలమారడం. పడుకుంటే ఊపిరాడకపోవడం. మెడ పక్కన బిళ్లలు. దగ్గితే నెత్తురు.

కనిగిరి చుట్టుపక్కల మెడ గడ్డ కనిపిస్తే ఫ్లోరైడ్ నీళ్ల మీదికి నెట్టేసేవాళ్లున్నారు. కారణం ఏదైనా వేగంగా పెరిగే గడ్డకు చేయించాల్సిన పరీక్షలు మారవు. పసరు కట్లు, కాపడాలు, పిసకడం పూర్తిగా మానండి. గడ్డ పైన చర్మం పుండు పడితే తర్వాత ఆపరేషన్‌కు, రేడియేషన్‌కు రెంటికీ అడ్డమవుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక గట్టి ఫైలు. రిపోర్టులన్నీ తేదీల వరసలో, రెండు సెట్ల జిరాక్సులతో.
- స్కానింగుల సీడీలు. ఫిల్ము, కాగితం మాత్రమే తెస్తే పెద్ద ఆసుపత్రిలో మళ్లీ తీయమంటారు.
- ముక్క పరీక్ష చేసిన ల్యాబ్ నుంచి మైనం దిమ్మ, గాజు పలకలు. అక్కడ "బ్లాకు, స్లైడ్లు" అని అడగాలి.
- ఆధార్, రేషన్ కార్డు, ఎన్టీఆర్ వైద్యసేవ వివరాలు.
- వాడుతున్న మందుల జాబితా. షుగర్ మాత్రలు, నెత్తురు పలచబరిచే మాత్రలు తప్పకుండా రాయండి.
- ఒక టేపు. మెడ చుట్టుకొలతను ఒకే చోట, వారానికి రెండుసార్లు కొలిచి రాయండి. రెండేసి రోజులకు ఒక ఫోటో, ఒకే దూరం నుంచి. "బాగా పెరిగింది డాక్టరుగారూ" అన్న మాట కంటే ఈ కొలతలు ఎక్కువ పనిచేస్తాయి.

1. ముందు ఊపిరి సంగతి చూడండి

గాలి లోపలికి పీల్చేటప్పుడు ఈలలాగా చప్పుడు వస్తుంటే, మనిషి కూర్చుంటేనే ఊపిరి ఆడుతుంటే, మాట మధ్యలో ఆగుతుంటే ఇక పరీక్షల మాట పక్కన పెట్టండి. 108కి ఫోన్ చేసి, ఈఎన్‌టీ డాక్టరు, మత్తు డాక్టరు ఇద్దరూ ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు వైద్య కళాశాలలకు అనుబంధం కాబట్టి అక్కడ ఆ విభాగాలుంటాయి. గిద్దలూరు, మార్కాపురం వైపు నుంచి ఒంగోలు రావడానికే గంటలు పడుతుంది. కాబట్టి చప్పుడు మొదలైన పూటే బయల్దేరండి, తెల్లవారేదాకా చూడొద్దు.

దారిలో మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, కొద్దిగా ముందుకు వంగనివ్వండి. ఆసుపత్రిలో సీటీ బల్ల మీద పడుకోబెట్టే ముందు "పడుకుంటే ఊపిరాడదు" అని సిబ్బందికి మీరే చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల స్కానింగ్ గదిలోనే పరిస్థితి విషమించే ప్రమాదముంది.

గొంతుకు రంధ్రం పెట్టి గొట్టం వేయడం, అంటే ట్రాకియాస్టమీ, అందరికీ ముందు జాగ్రత్తగా చేసేది కాదు. గడ్డ గాలిగొట్టం మీదే కూర్చుని ఉంటుంది కనుక అది కష్టమైన పని, అనుభవమున్న చేతుల్లో ఆపరేషన్ థియేటర్లో జరగాలి.

2. మొదటి రోజే ముక్క తీయించండి

అల్ట్రాసౌండ్ చేస్తూనే, దాని సాయంతో సూది పరీక్ష చేస్తారు. మామూలు గడ్డకు ఇది చాలు. వేగంగా పెరిగే గడ్డకు తరచూ చాలదు. లోపల కుళ్లిన కణజాలం ఎక్కువగా ఉంటుంది, సన్నటి సూదికి అదే వస్తుంది. రిపోర్టులో "చాలినంత పదార్థం లేదు" అనో "కుళ్లిన కణాలు మాత్రమే" అనో వస్తే దాన్ని "ఏమీ లేదు" అని చదువుకోకండి. సూది పరీక్ష ఫలితాన్ని వర్గాలుగా చెప్పే బెథెస్డా పద్ధతిలో ఒకటో వర్గం అంటే పరీక్ష విఫలమైందని అర్థం, గడ్డ మంచిదని కాదు.

అందుకే మొదటిసారే అడగండి: "సూది పరీక్షతో పాటు లావు సూదితో కోర్ బయాప్సీ కూడా తీస్తారా?" కుళ్లిన మధ్యభాగం నుంచి కాకుండా, అంచున నెత్తురు ప్రసరణ ఉన్న చోటు నుంచి తీస్తే పనికొస్తుంది. నెత్తురు పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. వాటిని మీ అంతట మీరు ఆపొద్దు.

ఇక్కడ ఒక పెద్ద హెచ్చరిక. ముక్క తీయక ముందే వాపు తగ్గడానికని డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ మొదలుపెట్టనివ్వకండి. థైరాయిడ్‌లో వచ్చే లింఫోమా (తెల్లరక్తకణాల క్యాన్సర్) కూడా అచ్చం ఇలాగే వేగంగా పెరుగుతుంది. స్టెరాయిడ్ పడితే అది కరిగి, ముక్కలో గుర్తు పట్టడం కష్టమవుతుంది. లింఫోమాకు పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు, కీమోకు బాగా లొంగుతుంది, చాలామందిలో నయమవుతుంది. అంత మంచి అవకాశాన్ని నాలుగు మాత్రలతో పోగొట్టుకోకూడదు. ఊపిరికే ప్రమాదమైతే మాత్రం మినహాయింపు, అది డాక్టరు తేలుస్తారు.

3. ముక్కను సరైన ద్రవంలో, సరైన ప్రశ్నలతో పంపించండి

ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో వెళ్లాలి. స్పిరిట్‌లోనో సెలైన్‌లోనో వేసి వేరే ఊరికి పంపితే తర్వాత జన్యు పరీక్షకు పనికిరాకుండా పోవచ్చు. లింఫోమా అనుమానం ఉండి ఫ్లోసైటోమెట్రీ (కణాల రకాన్ని గుర్తించే పరీక్ష) చేయాలనుకుంటే మాత్రం ఒక చిన్న భాగం విడిగా, ల్యాబ్ చెప్పిన ద్రవంలో పంపుతారు. డబ్బా మీద పేరు, తేదీ, టైము ఉన్నాయో లేదో మీరే చూడండి. కుటుంబం మోసుకెళ్తుంటే ఎండలో ఆపిన కారులో వదిలేయకండి.

పంపే కాగితంలో డాక్టరుతో ఈ రెండు మాటలు రాయించండి: "గడ్డ వేగంగా పెరుగుతోంది, అనాప్లాస్టిక్ అనుమానం" అని ఒకటి, "బీ-రాఫ్ వి600ఇ పరీక్ష కూడా చేయండి" అని ఇంకొకటి. ఈ రెండో వాక్యం లేకపోవడం వల్ల ఎక్కువ రోజులు వృథా అవుతాయి. బీ-రాఫ్ వి600ఇ అంటే గడ్డ కణాల్లో వచ్చే ఒక జన్యు మార్పు. అనాప్లాస్టిక్ రకంలో దాదాపు 40 శాతం మందిలో ఈ మార్పు ఉంటుంది. ఉంటే దానికి మాత్రలున్నాయి. ముక్క మీద రంగుతో చేసే ఇమ్యునో పరీక్షలో కొన్ని రోజుల్లోనే తెలుస్తుంది. ఒకేసారి చాలా జన్యువులు చదివే ఎన్‌జీఎస్ పరీక్షకు రెండు మూడు వారాలు పట్టొచ్చు. రెండూ ఒకేసారి మొదలుపెట్టమని అడగండి. ముక్క చాలకపోతే నెత్తురుతో చేసే జన్యు పరీక్ష ప్రత్యామ్నాయం. అందులో మార్పు దొరక్కపోతే లేదని తేలినట్టు కాదు.

4. రిపోర్టు కోసం ఎదురుచూస్తూనే మిగతావి పూర్తిచేయండి

ఇవన్నీ రెండు మూడు రోజుల్లో అయిపోవాలి.

- మెడ, ఛాతీ సీటీ, రంగుమందు ఎక్కించి. అనాప్లాస్టిక్ అయోడిన్‌ను పీల్చుకోదు కాబట్టి "రంగుమందులో అయోడిన్ ఉంది, వద్దు" అని ఆపడం తప్పు. అయోడిన్ చికిత్సకు లొంగే రకమని తర్వాత తేలినా కొన్ని వారాల ఆలస్యమే తప్ప నష్టం లేదు. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు పరీక్ష) చూపించండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి.
- గొంతులోకి సన్నటి కెమెరా వేసి స్వరతంత్రులు కదులుతున్నాయో లేదో చూడటం.
- నెత్తురు పరీక్షలు: హీమోగ్లోబిన్, కణాల లెక్క, షుగర్, క్రియాటినిన్, కాల్షియం, ఆల్బుమిన్, టీఎస్‌హెచ్. వీటితో పాటు మెడల్లరీ రకాన్ని పట్టిచ్చే కాల్సిటోనిన్, సీఈఏ. కాల్సిటోనిన్ మిల్లీలీటరుకు 100 పీకోగ్రాములు దాటితే మెడల్లరీ అనుమానం బలపడుతుంది.
- పెట్ సీటీ, అంటే క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడికి పాకిందో చూపే స్కానింగ్. ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ 200 దాటితే పరీక్ష వాయిదా వేస్తారు, బొమ్మ సరిగా రాదు. షుగర్ ఉన్నవాళ్లు ముందురోజే ఫోన్ చేసి మాత్ర, ఇన్సులిన్ ఎలా వాడాలో అడగాలి.
- అనాప్లాస్టిక్ అని తేలితే మెదడు ఎంఆర్‌ఐ.

టీఎస్‌హెచ్ గురించి గట్టిగా చెప్పాలి. "థైరాయిడ్ టెస్టు నార్మల్ వచ్చింది, ఏం లేదు" అని ఇంటికి వచ్చేవాళ్లు చాలామంది. టీఎస్‌హెచ్, టీ3, టీ4 గ్రంథి ఎంత హార్మోను చేస్తోందో చెబుతాయి. అందులో క్యాన్సర్ ఉందో లేదో చెప్పవు. ముదిరిన క్యాన్సర్ ఉన్నా అవి నార్మల్‌గానే ఉండొచ్చు.

5. రిపోర్టును ఇలా సరిచూడండి

రిపోర్టులో "అన్‌డిఫరెన్షియేటెడ్" అనో "హై గ్రేడ్ మాలిగ్నెన్సీ" అనో రాసి ఆపేస్తే అది సగం రిపోర్టే. ఇమ్యునో పరీక్షలు ఉన్నాయా చూడండి. లింఫోమాకు సీడీ45, సీడీ20. మెడల్లరీకి కాల్సిటోనిన్. థైరాయిడ్ నుంచే వచ్చిందా అన్నదానికి పాక్స్8, టీటీఎఫ్1, సైటోకెరాటిన్. థైరాయిడ్ కణాలు తయారుచేసే థైరోగ్లోబులిన్ అనే ప్రొటీన్ అనాప్లాస్టిక్‌లో సాధారణంగా కనిపించదు. కేఐ-67 అనే అంకె ఎంత ఎక్కువైతే పెరుగుదల అంత వేగం.

ఈ పదాలు మీరు బట్టీపట్టక్కర్లేదు. కాగితం మీద రాసుకెళ్లి "ఇవి చేశారా?" అని అడగండి చాలు. బ్లాకు, స్లైడ్లు పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో రెండోసారి చదివించడం దండగ ఖర్చు కాదు. మెడల్లరీ అని తేలితే ఆపరేషన్‌కు ముందే మెటానెఫ్రిన్ పరీక్ష చేయించాలి. కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ దాగి ఉంటే మత్తు ఇచ్చినప్పుడు బీపీ ప్రాణాంతకంగా పెరుగుతుంది. మెడల్లరీలో దాదాపు నాలుగో వంతు వంశపారంపర్యం, అందుకే రెట్ జన్యు పరీక్ష పేషెంటుకు చేయించి, మార్పు ఉంటే పిల్లలకు, తోబుట్టువులకు కూడా చేయించాలి.

6. ఎక్కడికి వెళ్లాలో ఇలా తేల్చుకోండి

సర్జన్, మెడికల్ ఆంకాలజిస్టు, రేడియేషన్ డాక్టరు ఒకే కప్పు కింద ఉండి, ముగ్గురూ కలిసి కేసు చూసే చోటికి వెళ్లండి. దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. నెల్లూరు జిల్లావాళ్లు ఎక్కువగా చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వేలూరు సీఎంసీ, తిరుపతి స్విమ్స్ వైపు వెళ్తారు. ఒంగోలు వైపువాళ్లకు గుంటూరు, విజయవాడ దగ్గర. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్ ఉన్నాయి. పేరు చూసి దూరం వెళ్లడం కంటే ఫోన్ చేసి "ముగ్గురు డాక్టర్లూ ఈ వారంలో చూస్తారా?" అని అడగడం మేలు. అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత అంటే వేరే చోటు చూసుకోండి.

ఆపరేషన్, కీమో, రేడియేషన్‌కు ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో ఆ ఆసుపత్రి కౌంటర్లోనే, చేరకముందే అడగండి. వేరే రాష్ట్రంలో అయితే ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. ఖరీదైన మాత్రలు ప్యాకేజీలోకి రాకపోతే కంపెనీల రోగి సహాయ పథకాల గురించి ఆసుపత్రి సోషల్ వర్కరును అడగండి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టొచ్చు. అసలు బిల్లులు పోగొట్టుకోవద్దు.

7. చికిత్స: ఏ రకానికి ఏది

అనాప్లాస్టిక్ గడ్డ గ్రంథి దాటకుండా, లేదా పూర్తిగా తీయగలిగేలా ఉంటే ఆపరేషన్, వెంటనే రేడియేషన్, దాంతో పాటు కీమో. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా ఆరు వారాల లోపు మొదలవ్వాలి. పూర్తిగా తీయలేని గడ్డను "కొంత తగ్గిద్దాం" అని సగం కోయడం వల్ల మేలు లేదు. గాయం మానేలోపు గడ్డ మళ్లీ పెరుగుతుంది, రేడియేషన్ వెనకబడుతుంది. "మొత్తం వస్తుందా? మిగిలితే ఎంత?" అని సర్జన్‌ను నేరుగా అడగండి.

బీ-రాఫ్ వి600ఇ ఉంటే డాబ్రఫెనిబ్, ట్రామెటినిబ్ జోడీ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో అనాప్లాస్టిక్ రకానికి దీన్ని ఆమోదించింది. కొందరిలో గడ్డ బాగా కుంచించుకుపోయి, ముందు వీలుకాని ఆపరేషన్ తర్వాత వీలవుతుంది. అందుకే బీ-రాఫ్ ఫలితం రాకముందే పెద్ద కోతకు తొందరపడొద్దు.

బీ-రాఫ్ లేకపోతే రేడియేషన్‌తో పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ లాంటి కీమో. ఎన్‌జీఎస్‌లో రెట్, ఎన్‌ట్రాక్ జన్యువుల్లో మార్పులు కనిపిస్తే వాటికి వేరే మాత్రలున్నాయి.

పూర్లీ డిఫరెన్షియేటెడ్, మొండి పాపిలరీలకు ఆపరేషన్, తర్వాత రేడియో అయోడిన్. దానికి ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి: అయోడైజ్డ్ ఉప్పు, చేపలు, రొయ్యలు, గుడ్డు సొన, పాలు వద్దు. కోస్తాలో చేపల పులుసు మానడం కష్టమే, కానీ ఎండుచేప ముక్క కూడా లెక్కే. టీఎస్‌హెచ్ 30 దాటాకే అయోడిన్ ఇస్తారు. అయోడిన్ పట్టకపోతే లెన్వాటినిబ్, సొరాఫెనిబ్ అనే మందులు. లెన్వాటినిబ్ వాడేటప్పుడు బీపీ ఇంట్లో రోజూ చూడాలి. గడ్డ గాలిగొట్టంలోకో పెద్ద రక్తనాళంలోకో చొచ్చుకుపోయి ఉంటే ఈ మందుతో నెత్తురు పడే ప్రమాదం ఎక్కువ, సీటీ చూసి చెప్పమని అడగండి.

మెడల్లరీకి రేడియో అయోడిన్ పనిచేయదు. ఎవరైనా రాస్తే కారణం అడగండి.

8. మాత్రలు ఇంట్లో వాడేటప్పుడు

సాధారణ మోతాదు డాబ్రఫెనిబ్ 150 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ట్రామెటినిబ్ 2 మి.గ్రా. ఒకసారి. ఇది మీ చీటీతో పోల్చి చూసుకోవడానికి, సొంతంగా మొదలుపెట్టడానికి కాదు. రెండూ పరగడుపున: తినే ముందు గంట, లేదా తిన్నాక రెండు గంటలకు.

జ్వరం రావడం ఈ మాత్రలతో మామూలు. 100.4 డిగ్రీలు దాటితే రెండు మందులూ ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. జ్వరం పూర్తిగా తగ్గి ఒక రోజు గడిచాక, వాళ్లు చెబితే మళ్లీ మొదలుపెట్టాలి. వైరల్ జ్వరమేలే అని మాత్రలు కొనసాగించడం, జ్వరానికి భయపడి శాశ్వతంగా మానేయడం రెండూ తప్పే. మొదలుపెట్టే ముందు ఎకో (గుండె స్కానింగ్), నెలకు మళ్లీ ఎకో. చూపు మసకబారితే అదే రోజు కంటి డాక్టరు.

ట్రామెటినిబ్ మాత్రలను ఫ్రిజ్‌లో, వచ్చిన సీసాలోనే, తేమ పీల్చే పొట్లంతో సహా ఉంచండి. ఫ్రీజర్‌లో కాదు. మే నెలలో కరెంటు పోయినా, చెన్నై నుంచి రైల్లో తెచ్చేటప్పుడైనా చల్లపెట్టె దగ్గరుండాలి. అయితే సీసా ఐసుకు తగలకూడదు.

9. రేడియేషన్ ఆరేడు వారాలు

ఊళ్లో "కరెంటు పెట్టడం" అంటారు, షాకు ఉండదు. వారానికి ఐదు రోజులు. మొదలుపెట్టక ముందే పళ్ల డాక్టరుకు చూపించి పుచ్చు పళ్ల సంగతి తేల్చుకోండి, తర్వాత పీకితే దవడ మానకపోవచ్చు. మూడో వారం నుంచి మింగడం కష్టమవుతుంది. ప్రతి సోమవారం బరువు చూడండి. మొదటి బరువులో పదో వంతు తగ్గేదాకా ఆగకుండా ముందే గొట్టం ద్వారా ఆహారం గురించి మాట్లాడండి. రాగిజావ, పెరుగన్నం మెత్తగా చేసి, పప్పుకట్టు, మెత్తటి గుడ్డు; కారం, పులుసు మానాలి. మధ్యలో పండక్కి ఊరెళ్లి నాలుగు రోజులు ఎగ్గొడితే ఆ నాలుగు రోజులూ గడ్డ పెరుగుతుంది.

10. పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి

మెడ కొలత, గొంతు, మింగడం, బరువు: నాలుగూ ఒకే పుస్తకంలో. సీటీ మొదట్లో ప్రతి ఆరు నుంచి ఎనిమిది వారాలకు, అదే ఆసుపత్రిలో, పాత సీడీతో పోల్చి.

గ్రంథి మొత్తం తీశాక థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మాత్ర) కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాముల లెక్కన మొదలుపెడతారు. పొద్దున్నే నీళ్లతో, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం. చాలామంది అన్నీ ఒకే గుక్కలో వేసుకుని "డోసు పనిచేయడం లేదు" అంటారు. టీఎస్‌హెచ్ ఆరు నుంచి ఎనిమిది వారాలకు. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రోజుల్లో పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి వస్తే కాల్షియం పడిపోయిందని అర్థం. ఆసుపత్రిలో ఉంటే నర్సుకు, ఇంట్లో ఉంటే డాక్టరుకు వెంటనే చెప్పాలి.

పాపిలరీ, పూర్లీ డిఫరెన్షియేటెడ్ రకాలకు థైరోగ్లోబులిన్ చూస్తారు, దాని యాంటీబాడీతో కలిపి, ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో. యాంటీబాడీ ఉంటే ఆ అంకెను నమ్మలేం. అనాప్లాస్టిక్‌లో థైరోగ్లోబులిన్ తక్కువ వచ్చినా సంతోషపడొద్దు, ఆ కణాలు దాన్ని తయారుచేయవు. అక్కడ స్కానింగే ఆధారం.

నొప్పి, ఊపిరి, మాట

అనాప్లాస్టిక్ రకంలో, కొత్త మాత్రలు రాకముందు, సగం మంది ఆరు నెలలు కూడా దాటలేదు. ఇప్పుడు కొందరికి అంతకంటే ఎక్కువ కాలం దొరుకుతోంది, అందరికీ కాదు. ఈ సంగతి కుటుంబంలో ఒకరికైనా మొదటి వారంలోనే తెలియాలి. నొప్పి, బాధలు తగ్గించే పాలియేటివ్ కేర్ డాక్టరును చికిత్స మొదలైన రోజే కలవండి. అది చికిత్స ఆపేశాక వెళ్లే చోటు కాదు. నొప్పి ఎక్కువైతే మార్ఫిన్ మాత్రలున్నాయి, రాసినట్టు వాడితే భయం లేదు. దాంతో పాటు మలబద్ధకానికి మందు మొదటి రోజు నుంచే వాడాలి, లేకపోతే నాలుగు రోజులకే మార్ఫిన్ మానేస్తారు.

ఊపిరి పూర్తిగా ఇబ్బందైతే గొంతుకు గొట్టం వేయించుకోవాలా వద్దా అన్నది అర్ధరాత్రి ఎమర్జెన్సీ గది ముందు కొడుకులు తేల్చుకునే విషయం కాకూడదు. పేషెంటుకు మాట ఉన్నప్పుడే, ఊపిరి బాగున్న రోజునే కూర్చోబెట్టి అడగండి. వాళ్లు చెప్పింది ఫైలు మొదటి పేజీలో డాక్టరుతో రాయించి, సంతకం పెట్టించండి.